మా హీరోలిద్దరూ ఒకే తెర మీద కనిపించిన రాత్రి

2020 మార్చి 25 ఉగాది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. గుమ్మానికి మామిడాకులు కట్టి తలుపు వేసుకుని ఇంట్లో కూర్చున్నాం. ఆ రోజే మా హీరోలిద్దరూ, తారక్ (జూనియర్ ఎన్టీఆర్), రామ్ చరణ్ కలిసి చేస్తున్న రాజమౌళి సినిమా ఆర్‌ఆర్‌ఆర్ మోషన్ పోస్టర్ వచ్చింది. ఒక పక్క నుంచి నిప్పు, ఇంకో పక్క నుంచి నీరు పరుగెత్తుకొచ్చి కలుసుకుంటాయి. చివర్లో 'రౌద్రం రణం రుధిరం' అని పడుతుంది. ఫోన్‌లో అది ఆగిపోగానే మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. అప్పటికి సినిమా 2021 జనవరి 8న వస్తుందన్నారు. తర్వాత అది అక్టోబరు 13 అయింది. ఆ తర్వాత 2022 జనవరి 7 అయింది. అదీ దాటిపోయి చివరికి మార్చి 25 దగ్గర ఆగింది. పోస్టర్ వచ్చిన తేదీకి సరిగ్గా రెండేళ్లు.

ఆ రెండేళ్లలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. మా భీమవరం బావ వాళ్ల నాన్నగారు సెకండ్ వేవ్‌లో పోయారు. వాడు నాకు చుట్టం కాదు. కాలేజీలో ఒకే రూమ్‌లో ఉన్నప్పుడు 'బావా' అని పిలుచుకోవడం మొదలైంది, అలాగే ఉండిపోయింది. ఆయన పోయినప్పుడు వెళ్లే వీల్లేదు, ఫోన్‌లోనే మాట్లాడాను. వాడు ఏడవలేదు. "ఖైదీకి మొదటి రోజు మొదటి ఆటకి వెళ్లానని ఎన్నిసార్లు చెప్పేవాడో బావా" అన్నాడు. ఆ మాట తర్వాత ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సినిమా పిచ్చి వాడికి తండ్రి ఇచ్చిన ఆస్తి.

మాది గుడివాడ వైపు. నిమ్మకూరు మాకు దగ్గర. మా ఇంట్లో పెద్దాయన ఎన్టీఆర్ ఫొటో దేవుడి గూట్లో లేదు గానీ, దాని పక్క గోడకే ఉండేది. కాబట్టి నేను ఎవరి అభిమానినో వేరే చెప్పక్కర్లేదు. వాడు మెగా, అంటే చిరంజీవి అభిమాని. విజయవాడలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా హాస్టల్ గదిలో ఒక గోడ నాది, ఒక గోడ వాడిది. 2002లో ఇంద్ర వచ్చినప్పుడు వాడి మంచం చుట్టూ తిరునాళ్లే. మరుసటేడు జూలై 9న తారక్ సింహాద్రి వచ్చింది, వంతు నాకొచ్చింది.

సింహాద్రి బెనిఫిట్ షో, అంటే విడుదల రోజు తెల్లారకముందే అభిమానుల కోసం వేసే ఆట, ఆ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అప్పట్లో సినిమా అంటే రీళ్లు, ఆ రీళ్లు ఉన్న రేకు పెట్టెలు. టికెట్టు జేబులో ఉన్నా, సీట్లో కూర్చున్నా, బాక్స్ థియేటర్‌కి చేరేదాకా నమ్మకం లేదు. అర్ధరాత్రి దాటాక ఎవడో గేటు దగ్గర "బాక్సొచ్చింది రోయ్" అని అరిచాడు. ఆ అరుపుకి లేచిన ఈలలు ఆ తర్వాత సినిమాలో కూడా చాలా సీన్లకి రాలేదు. మా వాడు మాత్రం రాలేదు. రాకూడదు కూడా. అవతలి హీరో బెనిఫిట్ షోకి వెళ్లడమంటే ఆ రోజుల్లో మనవాళ్లలో తలెత్తుకోలేని పని. ఓ వారం ఆగి ఎవరికీ చెప్పకుండా మ్యాట్నీకి వెళ్లొచ్చి, "పాటలు బాగున్నాయి" అని ఒక్క మాట అన్నాడు. వాడి నోట ఆ మాట రావడం నాకు సినిమా సూపర్ హిట్ అయినంత సంతోషం.

ఆ తర్వాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు. నేను హైదరాబాద్‌లో ఉండిపోయాను. వాడు భీమవరం తిరిగెళ్లి రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. 2007లో చరణ్ మొదటి సినిమా చిరుత వచ్చింది, వాడి జెండా తండ్రి నుంచి కొడుక్కి మారింది. 2009లో మగధీర చూడడానికి మాత్రం రాజమౌళి పేరు చెప్పుకుని నేనే వెళ్లాను. వందమందిని ఒక్కడే ఎదుర్కొనే ఆ సీన్లో నా చేతులు వాటంతటవే లేచాయి. ఆ సంగతి వాడికి చాలా ఏళ్లు చెప్పలేదు.

2017 నవంబరులో రాజమౌళి ఒక ఫొటో పెట్టాడు. ఆయన, తారక్, చరణ్ ఒకే సోఫాలో. పక్కన ఒక్క అక్షరం కూడా రాయకుండా వాడు దాన్ని నాకు పంపించాడు. నేనూ ఏమీ రాయలేదు. ఏం రాస్తాం? చిన్నప్పటి నుంచి రెండు ఊళ్లుగా బతికిన వాళ్లం మేము. ఆ రెండు ఊళ్ల మధ్య గట్టు తెగిపోయిందని ఆ ఫొటో చెబుతోంది.

ఆర్‌ఆర్‌ఆర్ టికెట్ల గురించి ఎక్కువ చెప్పను. బెనిఫిట్ షో టికెట్టు ఆన్‌లైన్‌లో నొక్కితే వచ్చేది కాదు. అభిమాన సంఘంలో తెలిసినవాడు ఉండాలి, వాడికి ఇంకొకడు తెలిసుండాలి. అచ్చయిన రేటుకి ఎన్నో రెట్లు ఇచ్చి కొన్నాం. ఇరవై ఏళ్ల వయసులో ఆ డబ్బు కోసం మెస్ బిల్లు ఎగ్గొట్టాల్సి వచ్చేది. ఇప్పుడు డబ్బు ఉంది, సెలవే దొరకదు. శుక్రవారం పొద్దున ఆఫీసు మీటింగ్ ఒకటి ముందే జరిపించుకున్నాను. ఇంట్లో మా ఆవిడ ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. "ఆయన వస్తున్నారు కదా, వెళ్లిరండి" అంది. వాడి నాన్నగారి విషయం తనకీ తెలుసు.

అవును, వాడు భీమవరం నుంచి వచ్చాడు. చరణ్ సినిమా మొదటి ఆటకి భీమవరంలో వాడికి దక్కే మర్యాద వేరు. ఊరంతా తెలిసినవాళ్లు, ఫ్లెక్సీ మీద వాడి ఫొటో కూడా ఉంటుంది. అదంతా వదులుకుని వచ్చాడు. మూడోవాడు ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి బ్యాంకులో పనిచేస్తున్న మిత్రుడు. వాడు ఇద్దరు హీరోల్లో ఎవరి అభిమానీ కాదు. "నేను మా భీమ్ కోసం వస్తున్నా" అన్నాడు. కొమురం భీం పేరుని వాడు వాళ్ల తాత పేరులా పలుకుతాడు. అల్లూరి, భీం ఎప్పుడూ కలవలేదు. 1924లో అల్లూరిని కాల్చేశారు, భీం 1940 దాకా పోరాడి జోడేఘాట్ అడవుల్లో చనిపోయాడు. కలవని ఇద్దరినీ కలిపితే ఎలా ఉంటుందన్న ఊహే ఈ కథ. అందులో చరణ్ అల్లూరి సీతారామరాజు, అంటే రామ్. తారక్ భీమ్. అది చరిత్ర కాదని వాడికి మాకంటే బాగా తెలుసు. "అయినా సరే, అంత పెద్ద తెర మీద ఆ పేరు పిలుస్తుంటే వినాలి రా" అన్నాడు.

కూకట్‌పల్లిలో మెట్రో కింద రోడ్డంతా ఆగిపోయింది. బండి ఎక్కడో దూరంగా ఆపి నడిచాం. డప్పులు ముందు వినిపించాయి, ఆ తర్వాత డీజే, ఆ తర్వాత రెండు కటౌట్లు కనిపించాయి. రెండూ ఒకే ఎత్తు. ఎవరో టేపు పెట్టి కొలిచి కట్టినట్టున్నారు. రెండింటికీ పాలాభిషేకం, రెండింటికీ హారతి. ఒక కుర్రాడి భుజం మీద తారక్ జెండా, అదే కర్రకి చరణ్ జెండా కూడా ముడేసి ఉంది. మా వాడు దాన్ని చూసి నడవడం ఆపేశాడు. "మన హాస్టల్లో ఇలా కట్టి ఉంటే ఆ రోజు మనల్ని కొట్టేవాళ్లు బావా" అన్నాడు. నిజమే. నా పోస్టర్ చింపారని రెండో అంతస్తు వాళ్లతో రాత్రంతా గొడవపడిన రోజులున్నాయి. ఆంధ్రలో కొన్ని థియేటర్లలో జనం ఎక్కకుండా తెర ముందు ముళ్లకంచె కట్టారని ఆ వారమే వార్తల్లో చూశాం. ఇక్కడ మాత్రం ఒకడి ఈలకి ఇంకొకడు డప్పు కొడుతున్నాడు.

గేటు దగ్గర తోపులాట బాగానే జరిగింది. ఒక్క గేటు, దానికి కొంచెమే తెరిచిన ఒక రెక్క, ఇవతల వందల మంది. నా ముందు ఒక తండ్రి కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని ఉన్నాడు. పిల్లాడు రెండు చేతులూ ఊపుతూ నవ్వుతున్నాడు. మా ఆదిలాబాద్ మిత్రుడు ఆ తండ్రి వెనక చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు, లోపలికి వెళ్లేదాకా అలాగే నడిచాడు. ఆ రాత్రి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ 2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్‌కి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయి, ఆమె కొడుకు ఆసుపత్రిలో ప్రాణాలతో పోరాడుతున్నాడని విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది కూకట్‌పల్లిలో ఆ పిల్లాడి నవ్వే. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఇక బెనిఫిట్ షోలకి అనుమతి ఇవ్వమని ప్రకటించింది. అభిమానిగా నాకు బాధేం కలగలేదు. లోపల ఎన్ని సీట్లుంటే అన్ని టికెట్లే అమ్మి, గేట్లన్నీ తెరిచి, మనుషుల్ని వరసలో పంపే ఏర్పాటు చేయలేనప్పుడు ఆ ఆట వేయకూడదు. ఇది నేను ఎంతో ఇష్టపడే విషయం కాబట్టే చెబుతున్నాను.

లోపల మా సీట్లలో ముందే ఎవరో కూర్చుని ఉన్నారు. కాలేజీ కుర్రాళ్లు. మమ్మల్ని చూసి లేచి, "రండన్నా, సర్దుకుందాం" అని జరిగారు. ఒకడి దగ్గర బియ్యం సంచీ నిండా చింపిన పేపర్లు ఉన్నాయి. చేతిలో రెండు గుప్పిళ్లు పోసి, "ఎంట్రీకి వేయండి అన్నా, టైటిల్స్‌కి వేస్ట్ చేయకండి" అని జాగ్రత్త చెప్పాడు. సరైన సలహా. బాక్స్ కోసం ఎదురుచూపులు ఇప్పుడు లేవు, సినిమా డిజిటల్‌గా వచ్చి సర్వర్‌లో తాళం వేసి ఉంటుంది, ఆ తాళం తీసే కీ టైముకి రావాలి. అందుకే "కీ వచ్చిందా" అన్న గోల మొదలైంది. అరవడానికి కారణం మారింది, గొంతులు మారలేదు.

లైట్లు ఆరాయి.

చరణ్ ఎంట్రీ ముందు వస్తుంది. పోలీసు స్టేషన్ చుట్టూ వేలమంది జనం, రాయి విసిరిన ఒక్కడి కోసం ఆ గుంపులోకి ఒంటరిగా దూకుతాడు. తెల్లవాళ్ల యూనిఫాంలో ఉన్నాడు, కొడుతున్నది మనవాళ్లని. అయినా హాలు ఊగిపోయింది. ఎందుకంటే అక్కడున్నది కథ ఇంకా తెలియని జనం, కళ్ల ముందున్నది ఒక మనిషి పట్టుదల. నేను మా వాడి వైపు చూశాను. వాడు ఈల వేయలేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. నా గుప్పిట్లో పేపర్లు నేనే ఎగరేశాను. వాడి హీరోకి నేను పేపర్లు వేయడం అదే మొదలు.

తారక్ ఎంట్రీ అడవిలో. పరుగెత్తుకొస్తున్న పులి, దాని ముందు ఒంటి మీద చొక్కా లేకుండా భీమ్. పులి ఎదురుగా వాడు గర్జించినప్పుడు థియేటర్లో ఏం జరిగిందో మాటల్లో పెట్టలేను. నాకు వినిపించింది మాత్రం నా పక్క నుంచి వచ్చిన ఈల. రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని వేసే ఆ పొడవాటి ఈల నాకు హాస్టల్ రోజుల నుంచి తెలుసు. అది ఎప్పుడూ మా హీరోకి పడలేదు. ఆ రోజు పడింది. వాడు సీటు మీద నిలబడి ఉన్నాడు.

ఇద్దరూ కలిసే వంతెన సీను గురించి ఎవరెంత రాసినా తక్కువే. కింద నదిలో మంటల మధ్య చిక్కుకున్న పిల్లాడు. పైన ఒకడు బండి మీద, ఒకడు గుర్రం మీద. దూరం నుంచే సైగలతో మాట్లాడుకుని, ఒకే తాడుకి చెరో కొస కట్టుకుని, వంతెనకి చెరో పక్క నుంచి దూకుతారు. ఒకరి బరువు ఇంకొకరిని మోస్తుంది. గాల్లో చేతులు కలుస్తాయి. అక్కడ పడుతుంది టైటిల్. సినిమా మొదలై చాలాసేపయ్యాక, సరిగ్గా పడాల్సిన చోట. అప్పుడు హాల్లో 'జై ఎన్టీఆర్' అని ఒక పక్క, 'జై చరణ్' అని ఒక పక్క విడివిడిగా వినిపించలేదు, అన్నీ కలిసి ఒకే హోరు. మా వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. సినిమాలో వాళ్లు పట్టుకున్నట్టే, మోచేతి దాకా. చాలాసేపు వదల్లేదు. వాళ్ల నాన్నగారి విషయంలో నేను చెప్పాలనుకుని ఫోన్‌లో చెప్పలేకపోయినవన్నీ ఆ పట్టులోనే చెప్పుకున్నాను. వాడికి అర్థమైందని నాకు తెలుసు.

నాటు నాటు వచ్చేసరికి ఎవరూ కూర్చుని లేరు. చంద్రబోస్ మాటలు, కీరవాణి దరువు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు. ప్రేమ్ రక్షిత్ వేయించిన ఆ కాళ్ల స్టెప్పు వేయడానికి సీట్ల మధ్య చోటు చాలదు, అయినా అందరూ వేశారు. ఆ పాట తీసింది ఉక్రెయిన్‌లో, కీవ్‌లోని అధ్యక్ష భవనం ముందు. మేం ఆ పాట చూసే నాటికి అక్కడ యుద్ధం మొదలై నెల అయింది. ఆ గోలలో కూడా ఆ సంగతి ఒక్క క్షణం మనసులో మెదిలింది. పాట చివర్లో అందరూ పడిపోయాక ఇద్దరే మిగులుతారు. అప్పుడు రామ్ కావాలనే తూలి పడిపోతాడు, భీమ్‌ని గెలిపిస్తాడు. మా వాడు నా చెవిలో అరిచాడు: "చూశావా బావా, మావాడు గెలిపించాడు!" గెలిచింది మావాడు, గెలిపించింది వాడివాడు. ఇద్దరికీ ఛాతీ ఉప్పొంగింది. ఆ ఒక్క షాట్‌కి రాజమౌళికి దండం పెట్టాలి. రెండు అభిమాన సంఘాల లెక్కలూ తేల్చేసి, కథ కూడా ముందుకు నడిపాడు.

ఇంటర్వెల్ దగ్గర లారీలోంచి పులులు, దుప్పులు దూకుతుంటే వాటి మధ్యలో భీమ్ దూకే షాట్ నాకు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. లైట్లు వెలిగాక ఎవరూ బయటికి కదల్లేదు. ఆ కుర్రాళ్లలో ఒకడు "అన్నా, మీరు సింహాద్రి థియేటర్లో చూశారా?" అని అడిగాడు. చూశానన్నాను. బెనిఫిట్ షోనే అన్నాను. వాడు స్నేహితుల్ని పిలిచి మరీ చెప్పాడు. రేకు పెట్టెల కథ మొత్తం అడిగి చెప్పించుకున్నారు. ఇంటర్వెల్ అలా అయిపోయింది.

సెకండాఫ్‌లో నాకు భయం వేసిన ఘట్టం ఒకటుంది. భీమ్‌ని కట్టేసి, రామ్ చేతే కొరడాతో కొట్టిస్తారు. చరణ్ కొడుతున్నాడు, తారక్ దెబ్బలు తింటున్నాడు. పాతరోజులైతే ఆ సీనుకి హాలు రెండుగా చీలిపోయేది. ఎవరూ నోరు మెదపలేదు. సుద్దాల అశోక్ తేజ రాసిన 'కొమురం భీముడో' కాలభైరవ గొంతులో వస్తుంటే అంతమంది ఉన్న హాల్లో ఒక్క ఈల లేదు. మోకాలు నేలకి ఆనించనని భీమ్ నిలబడుతుంటే, మా ఆదిలాబాద్ మిత్రుడు ముందు సీటు మీద తల ఆనించి ఏడుస్తున్నాడు. వెనక నుంచి ఆ కుర్రాడు వాడి వీపు మీద చెయ్యి వేశాడు. ఏం అడగలేదు, ఊరికే చెయ్యి వేసి ఉంచాడు.

ఆ తర్వాత భీమ్ రామ్‌ని భుజాల మీద ఎక్కించుకుని జైలు నుంచి తప్పించడం, కాషాయంలో విల్లు పట్టుకుని చరణ్ అల్లూరిగా నిలబడడం. అక్కడ మా వాడికి ఇక గొంతు మిగల్లేదు. నాక్కూడా లేదు. నిజానికి ఆ రాత్రి సగం డైలాగులు మాకు వినపడనే లేదు. మళ్లీ ఆ ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి మల్టీప్లెక్స్‌లో చూస్తేగానీ ఎవరేం మాట్లాడారో తెలియలేదు. అక్కడ సినిమా బాగా వినిపించింది. కూకట్‌పల్లిలో కనిపించినంతగా మాత్రం కనిపించలేదు.

బయటికొచ్చేసరికి ఇంకా తెల్లారలేదు. టీ బండి దగ్గర నిలబడ్డాం. మొదటి గుక్క తాగకముందే మా వాడు మొదలుపెట్టాడు: "ఇంటర్వెల్ మీదే, ఒప్పుకుంటా. కానీ క్యారెక్టర్ మాది." నేను కాదన్నాను. రామ్‌ది పెద్ద ప్రయాణమే కావచ్చు, గుండె భీమ్‌ది అన్నాను. కొమురం భీముడో పాటలో తారక్ ముఖం చూశాక ఎవరైనా ఇంకో మాట అనగలరా అన్నాను. ఆ పాటలో కొరడా పట్టుకున్నవాడి కళ్లు కూడా చూడమన్నాడు వాడు. ఆదిలాబాద్ మిత్రుడు ఇద్దరికీ ఇంకో టీ చెప్పి, తను మాత్రం "మా భీమ్" అంటూ ఊరుకున్నాడు.

2023 మార్చి 13 పొద్దున నాటు నాటుకి ఆస్కార్ ప్రకటించగానే ముగ్గురం ఫోన్‌లో కలిశాం. భీమవరంలో టపాకాయల మోత ఫోన్‌లోంచి వినిపిస్తోంది. అరుపులు తగ్గాక వాడు అన్న మొదటి మాట, "ఆ పాటలో చివరికి పడిపోయింది ఎవరు, గెలిపించింది ఎవరు, అది చెప్పు ముందు." చెప్పాను. మావాడు గెలిచాడని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. మొన్న వాడి చెల్లెలి కూతురి పెళ్లిలో భోజనాల దగ్గర మళ్లీ ఇదే తెచ్చాడు, వడ్డించేవాళ్లు మా ఆకుల ముందు ఆగి మరీ విన్నారు. వాళ్లలో ఒకాయన చరణ్ వైపు, ఒకాయన తారక్ వైపు.